92 పేజీల పాటల పుస్తకానికి ఏ బైండింగ్ వేయించాలి?

అవ్వపాటలు
మా అవ్వ పాడిన పాటలను అమ్మ, పిన్నమ్మ, నేను కలిసి రెండేళ్ళుగా రాసుకుంటూ వచ్చాం. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, గొబ్బి పాటలు, మంగళహారతులు, గంగమ్మకు పాడేవి అన్నీ కలిపి 92 పేజీలు తేలాయి. ఏ5 సైజు, లోపల చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే, అంటే 70 జీఎస్ఎం, పూత లేని మ్యాప్‌లిథో, నలుపు అచ్చు. వీటికి తోడు అవ్వ ఫొటోలు 4 పేజీలు ఆర్ట్ పేపరు మీద రంగుల్లో. మొత్తం 300 కాపీలు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర నాటికి బంధువుల చేతుల్లో పెట్టాలని మా ఆశ.

తిరుపతిలో మూడు ప్రెస్సులకు వెళ్ళాను. ఒకరు వెన్నుకు జిగురు పూసి అట్ట అంటించే గమ్ బైండింగ్ అన్నారు. ఇంకొకరు షీట్లను ఒకదానిలో ఒకటి దూర్చి నడిమి మడతలో పిన్నులు కొట్టే సెంటర్ పిన్ చాలన్నారు. మూడో ఆయన కాగితాలు తిప్పి చూడకుండానే స్పైరల్ వేయించెయ్యమన్నారు.

నా భయమల్లా ఒక్కటే. అయిదేళ్ళ కిందట నాన్న సంస్మరణ సంచికకు గమ్ బైండింగ్ చేయించాం. ఏడాది తిరగకముందే నాన్న ఫొటోలున్న పేజీలు ఊడి చేతికొచ్చాయి. అమ్మ వాటిని ఏరి బీరువాలో దాచుకుంది. అవ్వ పుస్తకానికి ఆ గతి పట్టకూడదు. ఏం చేయించమంటారు?

నకళ్ళ_అంగడి
యూనివర్సిటీ దగ్గర నాకు జిరాక్స్ అంగడి ఉంది. వైరో వేయించండి. ప్లాస్టిక్ స్పైరల్ కాదు, ఇనుప తీగతో జంట చుట్లుగా వచ్చేది. పుస్తకం పూర్తిగా తెరుచుకుంటుంది, వెనక్కి కూడా మడవవచ్చు. పేజీల లెక్క 4తో, 16తో భాగించాల్సిన పని లేదు. ఆర్ట్ పేపరైనా మామూలు కాగితమైనా దానికి ఒకటే. పాటల పుస్తకానికి ఇంతకంటే ఏం కావాలి?

స్వర్ణముఖి
వైరో వద్దమ్మా. నేను గ్రంథాలయంలో 31 ఏళ్ళు పనిచేశాను. తీగ పుస్తకాలు అలమారలో నిలబడవు. పక్కన ఉన్న పుస్తకం అట్టను గీరేస్తాయి. వెన్ను ఉండదు కాబట్టి పేరు రాసే చోటు ఉండదు. నాలుగేళ్ళకు రంధ్రాల దగ్గర కాగితం చిరిగి ఒక్కొక్క ఆకూ జారిపోతుంది. ఆఫీసు నివేదికకు సరే, అవ్వ పాటలకు కాదు.

నకళ్ళ_అంగడి
స్వర్ణముఖి గారూ, అలమారలో నిలబెట్టడానికా, పాడుకోవడానికా? ముందు అది తేల్చాలి కదా.

ఫారం16
ఆయన అడిగిన ప్రశ్న సరైనదే, జవాబు మాత్రం వైరో అని నేను అనుకోవడం లేదు.

చిత్తూరులో అచ్చుపని, బైండింగు పనిలో నా జీవితం గడిచింది. ముందు మీ నాన్నగారి సంచిక సంగతి చెబుతాను. గమ్ బైండింగ్‌లో ఏం చేస్తారంటే, ఫారాలన్నీ, అంటే పెద్ద షీటును మడిస్తే వచ్చే పేజీల కట్టలన్నీ, ఒకదాని మీద ఒకటి పేర్చి, వెన్ను వైపు మడతలను మిషను మీద కోసేస్తారు. అంటే అప్పటిదాకా ఒకదానితో ఒకటి కలిసి ఉన్న ఆకులు విడివిడి ఆకులైపోతాయి. ఆ కోసిన అంచును గరుకుగా గీరి, కరిగించిన వేడి జిగురు పూసి అట్ట అంటిస్తారు. ఇక ఆకును పట్టుకునేది ఆ జిగురు ఒక్కటే. మ్యాప్‌లిథో కాగితానికి పీచు ఉంటుంది, జిగురు దానిలోకి ఇంకి పట్టుకుంటుంది. ఆర్ట్ పేపరుకు పైన నున్నటి పూత ఉంటుంది. మామూలు వేడి జిగురు ఆ పూతను పట్టుకుంటుంది కానీ పూత కింద ఉన్న కాగితాన్ని పట్టుకోదు. అందుకే గమ్ పుస్తకాల్లో మొట్టమొదట ఊడేవి ఫొటోల పేజీలే. ఎక్కువమంది తెరిచి చూసే పేజీలూ అవే కదా, ఇంకా తొందరగా ఊడతాయి.

మీ ప్రెస్సు వారు మోసం చేశారని అనను. ఆ కాగితానికి ఆ జిగురు సరిపోదన్న సంగతి మీకు చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు మీరు నాకు చెప్పాల్సింది ఒకటి ఉంది. ఈ పుస్తకాన్ని ఎవరు, ఎక్కడ కూర్చుని, ఏ చేత్తో పట్టుకుని చదువుతారు?

మామిడితోట
మాది పలమనేరు వైపు ఒక పల్లె. మా చెక్కభజన బృందానికి 64 పేజీల పాటల పుస్తకం సెంటర్ పిన్‌తో వేయించాం. మూడేళ్ళు బాగానే ఉంది. తరువాత పిన్నులు తుప్పు పట్టి, ఆ తుప్పు కాగితానికి ఎక్కి, నడిమి షీటు పిన్ను దగ్గర చిరిగి వచ్చేసింది. చెమట చేతులతో తిప్పే పుస్తకం కదా. మా గురువు గారు వెన్ను పొడవునా గుడ్డ పట్టీ అంటించి ఇప్పటికీ వాడుతున్నారు. తెరిచి నేల మీద పెడితే మాత్రం చక్కగా పరుచుకుంటుంది, అది ఒప్పుకోవాలి.

ఫారం16
మామిడితోట గారూ, తుప్పు పిన్ను తప్పు కాదు, తీగ తప్పు. తక్కువ రకం ఇనుప తీగ వాడితే తుప్పు వస్తుంది. జింకు పూత ఉన్న తీగ చుట్ట వాడమని అడగాలి. ఇక 64 పేజీలు సెంటర్ పిన్‌కు సరిగ్గా సరిపోయే లెక్క. అవ్వ పుస్తకం 92 పేజీలు ఫారాల లెక్కకు 96 అవుతాయి, 96కు నేను ఒప్పుకోను.

బడి_పత్రిక
ఒప్పుకోకపోవడానికి కారణం ఏమిటి? మా బడి పత్రిక 100 పేజీలు, సెంటర్ పిన్‌తోనే వేశాం. పిల్లలు చదివారు, తల్లిదండ్రులు చదివారు, ఒక్క ఆకూ ఊడలేదు. నడిమి మడతలో పడిన పిన్ను ఆకును వదలదు. గమ్ కంటే వెయ్యి రెట్లు నయం.

ఫారం16
ఊడదు, నిజమే. ఆ పత్రికను బల్ల మీద పెట్టి చూడండి. అట్ట మూతపడి ఉందా?

బడి_పత్రిక
లేదు. నోరు తెరుచుకునే ఉంటుంది. బరువు పెడితే మూసుకుంటుంది, తీస్తే మళ్ళీ తెరుచుకుంటుంది.

ఫారం16
అదే నేను చెప్పేది. 96 పేజీలంటే సెంటర్ పిన్‌లో 24 షీట్లు ఒకదానిలో ఒకటి దూరి మడతపడాలి. 70 జీఎస్ఎం షీటు మందం మిల్లీమీటరులో దాదాపు పదో వంతు. బయటి షీటు చుట్టు తిరగాల్సిన దూరం ఎక్కువ, లోపలి షీటుకు తక్కువ. దాంతో నడిమి షీట్లు ముందుకు పొడుచుకొస్తాయి, రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. కటింగ్‌లో దాన్ని కోసేస్తారు. ఫలితంగా నడిమి పేజీలలో పక్క ఖాళీ తగ్గి, అక్షరాలు అంచుకు జరిగినట్టు కనిపిస్తాయి. పేజీలు అమర్చే వారు దీనికి లోపలి ఖాళీని షీటు షీటుకూ కొంచెం కొంచెంగా సర్దాలి. ఎంతమంది సర్దుతున్నారు?

48 పేజీల లోపు కళ్ళు మూసుకుని సెంటర్ పిన్. 64 వరకు సరే. 80 అంటే కాగితం చూసి చెబుతాను. 96 వద్దు.

తాళపత్రం
మన తిరుపతిలోనే ప్రాచ్య పరిశోధన సంస్థలో తాటాకు గ్రంథాలు ఉన్నాయి, చూసే అవకాశం వస్తే చూడండి. ఆకుకు రంధ్రాలు వేసి, తాడు దూర్చి, పైన కింద చెక్క పలకలు పెట్టి కట్టేవారు. తాడు వదులు చేస్తే ఆకులు పక్కకు జరుగుతాయి, బిగిస్తే కట్టగా నిలుస్తాయి. జిగురు లేదు, పిన్ను లేదు. తాడు తెగితే కొత్త తాడు వేసుకోవడమే, ఆకుకు ఏ నష్టమూ లేదు. బాగుచేసుకునే వీలున్న బైండింగ్ అంటే నాకు అదే గుర్తొస్తుంది. ఇప్పుడు తాటాకు మీద వేయించమని కాదు. అవ్వ పాటలు మనవరాలి మనవరాలికి చేరాలంటే, పాడైన రోజున బాగుచేయగలిగే పద్ధతిని ఎంచుకోండి. గమ్ ఊడితే మళ్ళీ అంటించడం చాలా కష్టం. దారం తెగితే మళ్ళీ కుట్టవచ్చు.

కొత్తపాఠకుడు
చెన్నైలో పీయూఆర్ అని ఒక జిగురు వాడుతున్నారట, ఆర్ట్ పేపరును కూడా పట్టుకుంటుందట కదా. అది వేయిస్తే ఈ గొడవంతా ఉండదేమో?

ఫారం16
నిజమే, మంచి జిగురు. గాలిలోని తేమతో గట్టిపడుతుంది, పూర్తి పట్టు రావడానికి దాదాపు ఒక రోజు ఆగాలి. ఒకసారి గట్టిపడ్డాక వేడికి మళ్ళీ కరగదు. మామూలు వేడి జిగురు అలా కాదు, మన తిరుపతి మే నెల ఎండలో మూసి ఉంచిన కారులో పుస్తకం వదిలేస్తే వెన్ను మెత్తబడుతుంది. కానీ పీయూఆర్‌కు వేరే మిషను కావాలి, 300 కాపీలకు దాన్ని వేడెక్కించి శుభ్రం చేసే ఖర్చు ఎవరూ భరించరు. పెద్ద సంఖ్య ఉంటే అడగండి. అదీగాక 96 పేజీల పుస్తకం వెన్ను నాలుగున్నర మిల్లీమీటర్లే ఉంటుంది. అంత సన్నని గమ్ పుస్తకం ఏ జిగురుతో చేసినా నేల మీద పెడితే మూసుకుపోవాలనే చూస్తుంది.

అవ్వపాటలు
ఫారం16 గారు అడిగిన ప్రశ్న నిన్న రాత్రి అమ్మను అడిగాను. ఏ చేత్తో పట్టుకుంటావమ్మా అని. అమ్మ నవ్వింది. "ఒక చేతిలో హారతి పళ్ళెం, ఇంకో చేతిలో గంట. పుస్తకం పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడిది?" అంది.

నలుగు పెట్టేటప్పుడు చేతులకు పసుపు, నూనె. గొబ్బి తట్టేటప్పుడు చేతులు అసలు ఖాళీ ఉండవు. పుస్తకం నేల మీదో, పీట మీదో తెరిచి ఉండాలి, చుట్టూ కూర్చున్న నలుగురూ తొంగి చూడాలి. ఇన్నాళ్ళూ నేను పేజీలు ఊడకపోతే చాలనుకున్నాను. ఈ సంగతి తట్టలేదు.

మామిడితోట
మా గురువు గారిదీ అదే బాధ. రెండు చేతుల్లో చెక్కలు. అందుకే నేల మీద పరుచుకుంటుందా లేదా అన్నదే చూశాం.

ఫారం16
ఇక తేలిపోయిందమ్మా. దారపు కుట్టు వేయించండి. ఓపికగా చదవండి, కొంచెం పెద్దగానే రాస్తాను.

ఒక పెద్ద షీటుకు ఒక వైపు 8, ఇంకో వైపు 8 పేజీలు అచ్చు వేసి, మూడు మడతలు వేస్తే 16 పేజీల ఫారం వస్తుంది. మీ 92 పేజీలను 96 చేస్తే సరిగ్గా 6 ఫారాలు. ఒక్కొక్క ఫారాన్ని నడిమి మడతలో దారంతో కుట్టి, ఆ దారాన్ని పక్క ఫారానికి ముడివేస్తూ పోతారు. అంటే ఏ ఆకూ విడి ఆకు కాదు, ప్రతి ఆకూ మడతలో దారం పట్టుకుని ఉంటుంది. తరువాత వెన్నుకు పలచని వల గుడ్డ, తెల్ల జిగురు. ఆ జిగురు ఆరాక కూడా సాగుతుంది, అందుకే వెన్ను విరగదు. పైన 250 జీఎస్ఎం కార్డు అట్ట. తెరిస్తే పరుచుకుంటుంది.

మా రోజుల్లో మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి వాడేవాళ్ళం. మైలుతుత్తం తగ్గితే బొద్దింకలు వెన్ను మొత్తం తినేసేవి. ఇప్పుడు ఎవరైనా గంజితో చేస్తామంటే తుత్తం వేస్తున్నారా అని అడగండి.

ఫొటోల 4 పేజీలు కూడా కుట్టులోకే రావాలి. విడిగా అంటించవద్దు. ఒకే ఆర్ట్ షీటును రెండుగా మడిచి, మూడో ఫారం నడిమధ్య, అంటే 40, 41 పేజీల మధ్య పెట్టమనండి. దారం దానిలోనుంచి కూడా పోతుంది. ఇక ఆ ఫొటోలు ఊడవు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. బైండింగ్ ఏదో తేల్చకుండా అచ్చుకు ఇవ్వవద్దు. సెంటర్ పిన్ అయితే 1వ పేజీ, 96వ పేజీ ఒకే షీటు మీద పక్కపక్కన పడాలి. కుట్టు అయితే 1వ పేజీ పక్కన 16 పడాలి. ఒకసారి అచ్చయ్యాక మనసు మార్చుకుంటే కాగితం మొత్తం చెత్తే.

పొదుపు_లక్ష్మి
అన్నీ బాగున్నాయి, ఖర్చు ఎవరూ మాట్లాడటం లేదు. 300 కాపీలకు 6 ఫారాలంటే 1800 ఫారాలు చేత్తో కుట్టాలి. కూలి ఎవరిస్తారు? పుస్తకాన్ని రెండుగా చేయండి. పెళ్ళి పాటలు 48 పేజీలు, హారతులు, పండుగ పాటలు 48 పేజీలు. రెండూ సెంటర్ పిన్. రెండూ నేల మీద పరుచుకుంటాయి, రెండూ మూతపడతాయి, ఫారం16 గారు చెప్పిన లెక్క కూడా కుదురుతుంది.

బడి_పత్రిక
ఇది నిజంగా మంచి ఉపాయం. రెండూ కలిపి ఒక అట్ట సంచిలో పెట్టవచ్చు.

ఫారం16
పనివాడిగా చెబుతున్నాను, ఇందులో తప్పేమీ లేదు. కుట్టు తరువాత నా రెండో ఓటు దీనికే.

అవ్వపాటలు
లక్ష్మి గారూ, ఆలోచన నచ్చింది, రాత్రంతా అటూ ఇటూ ఊగాను. కానీ పెళ్ళిలో నలుగుతో మొదలై హారతితో ముగుస్తుంది. అవ్వ ఏ పాట తరువాత ఏ పాట అందుకునేదో ఆ వరుసలోనే పుస్తకం పేర్చాం. రెండుగా కోస్తే ఒక పుస్తకం పెళ్ళివారింట్లో, ఇంకోటి మా పిన్నమ్మ ఇంట్లో ఉండిపోతుంది. ఒకటిగానే ఉండాలి.

కుట్టుకు, గమ్‌కు కాపీకి తేడా 14 రూపాయలు చెప్పారు. మామయ్యలిద్దరూ పంచుకుంటామన్నారు.

స్వర్ణముఖి
కుట్టు అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో సంగతి. పుస్తకాన్ని ప్రచురిస్తే 1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం 30 రోజుల్లోపు ఒక ప్రతి కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి పంపాలి. చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయం కూడా పంపాల్సిన వాటిలో ఉంది. జాతీయ గ్రంథాలయానికి ఇచ్చే ప్రతి బైండు చేసిగానీ, కుట్టిగానీ, పిన్ను వేసిగానీ ఉండాలని ఆ చట్టంలోనే రాసి ఉంది. విడి ఆకుల కట్ట పంపడానికి లేదు. మీ అవ్వ గొబ్బి పాట కోల్‌కతాలో భద్రంగా ఉంటుందమ్మా, అది చిన్న సంగతి కాదు.

నాలుగున్నర మిల్లీమీటర్ల వెన్ను మీద సన్నని అక్షరాలతో పేరు పడుతుంది. వేయించండి. వెన్ను మీద పేరు లేని పుస్తకం అలమారలో దొరకదు.

నకళ్ళ_అంగడి
సరే, కుట్టు ముందు నా వైరో నిలబడదు, ఒప్పుకుంటున్నాను. ఒక్కటి మాత్రం అడగండి. కాగితం పీచు వెన్ను వెంట నిలువుగా ఉండేలా షీటు కోయించమనండి. పీచు అడ్డంగా ఉంటే ఎంత బాగా కుట్టినా ఆకులు బిరుసుగా లేచి నిలబడతాయి, వాన రోజుల్లో అలలు తిరుగుతాయి. తెలుసుకోవడం తేలిక. కాగితాన్ని అటు, ఇటు మడిచి చూడండి. పీచు వెంట మడిస్తే నున్నగా మడత పడుతుంది, అడ్డంగా మడిస్తే పగిలినట్టు గరుకుగా వస్తుంది. చిన్న ముక్కను తడిపినా సరే, పీచు దిశ వెంటే గొట్టంలా చుట్టుకుంటుంది.

ఫారం16
నకళ్ళ అంగడి గారూ, ఇది నేను చెప్పడం మరిచిపోయాను. మంచి మాట. అట్టకు కూడా ఇదే వర్తిస్తుంది. అమ్మా, అచ్చుకు ముందు అదే కాగితంతో ఖాళీ డమ్మీ ఒకటి కుట్టించి తెప్పించుకోండి. మీ అమ్మగారి ముందు పెట్టండి. మేమెంత చెప్పినా ఆ చేతులు చెప్పాలి.

కొత్తపాఠకుడు
పసుపు చేతుల సంగతి ఎవరూ చెప్పలేదు. అట్టకు మ్యాట్ లామినేషన్ ఉంటే తుడుచుకోవచ్చు. లోపలి ఆకులకు ఏం చేస్తారు?

పొదుపు_లక్ష్మి
ఏమీ చేయనక్కర్లేదు. మా అమ్మ వ్రతాల పుస్తకంలో ఏ పేజీకి పసుపు ఎక్కువ అంటిందో అదే ఆమె ఎక్కువ చదివిన పేజీ. ఇప్పుడు ఆమె లేదు, నేను ఆ పేజీలే ముందు తెరుస్తాను.

అవ్వపాటలు
డమ్మీ వచ్చింది. ఆరు ఖాళీ ఫారాలు, నడుమ ఒక ఆర్ట్ షీటు, తెల్ల అట్ట. మొదటిది పీచు అడ్డంగా కోసిన కాగితంతో చేశారు, ఆకులు లేచి నిలబడ్డాయి. మడత పరీక్ష అక్కడే బల్ల మీద చేసి చూపిస్తే ప్రెస్సు ఆయన మారు మాట లేకుండా రెండో డమ్మీ కుట్టించి ఇచ్చారు.

నిన్న సాయంత్రం అమ్మ దేవుడి గది ముందు పీట మీద దాన్ని తెరిచి పెట్టింది. ఒక చేతిలో పళ్ళెం, ఒక చేతిలో గంట. ఫ్యాను గాలికి పై ఆకు ఒకటి రెండుసార్లు లేచింది, పుస్తకం మాత్రం మూసుకోలేదు. ఖాళీ కాగితాన్నే చూస్తూ అవ్వ హారతి మొత్తం పాడింది. అయిపోయాక అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేయమంది. 12 పాయింట్లు 14 చేస్తే పేజీలు పెరుగుతాయని భయపడ్డాను. పాట పాటకూ వదిలిన ఖాళీలు తగ్గించి 92లోనే సర్దాను.

మిగిలిన 4 పేజీలు చివర్లో గీతలు కొట్టి ఖాళీగా వదులుతున్నాం, ఎవరింటి పాట వారు రాసుకోవడానికి. మ్యాప్‌లిథో కాబట్టి పెన్ను బాగానే రాస్తుంది. కుట్టు ఖాయం. గురువారం అచ్చుకు ఇస్తున్నాను.

మామిడితోట
మా అమ్మకు ఒక కాపీ పంపగలరా? పెళ్ళికొడుకును ఆటపట్టించే పాటలు, బంతుల పాటలు ఆమెకు చాలా వచ్చు. ఆ నాలుగు పేజీలు ఆమెకు ఏ మూలకూ చాలవు.

అవ్వపాటలు
అయితే అచ్చుకు ఇవ్వకముందే పాడించి ఫోనులో పంపండి. అమ్మను అడిగాను, పాడిన వారి పేరుతో చివర్లో చేరుద్దామంది. బుధవారం రాత్రి దాకా ఆగుతాను. ఆ నాలుగు పోను ఇంకో 16 పేజీలు నిండితే ఏడో ఫారం కుట్టిస్తాను.